వంగిన కాలివేలు: ఓర్పు వేరు, ఉపేక్ష వేరు

ఫజ్ర్ నమాజు తర్వాత మా మదరసాలో హదీసు పాఠం జరుగుతోంది. చాప మీద కాళ్లు మడిచి కూర్చుని పిల్లలు చదువుతుంటే వింటున్నాను. ముందు వరుసలోని ఒక బాలుడు హఠాత్తుగా చదవడం ఆపాడు. కాసేపు సంకోచించి, "హజ్రత్, మీ కాలికి రక్తం" అన్నాడు. చూసుకున్నాను. కుడి పాదంలో బొటనవేలి పక్కనున్న వేలిపై ఆనెకాయ చిట్లి, రక్తం చాప మీదికి కారి, అప్పటికే ఎండిపోతోంది. లేచి వెళ్లి జానమాజు చూస్తే దాని మీదా మరక కనిపించింది. రక్తం ఎప్పటి నుండి కారుతోందో తెలియదు. వుజూ చేసుకొని నమాజును తిరిగి నెరవేర్చాను. అయితే నన్ను కలవరపరచింది రక్తం కాదు. అంత గాయమైనా నాకు ఏ మాత్రం నొప్పి తెలియలేదు!

ఆ వేలు పదేళ్లుగా వంగి ఉంది. చెప్పు అంచు రాసుకొని దానిపై ఆనెకాయ కాసింది. వారం రోజుల క్రితమే మందుల దుకాణంలో ఆనెకాయల పట్టీ కొని అతికించుకున్నాను. నాకు మధుమేహం ఉన్న సంగతి దుకాణదారు అడగలేదు, నేను చెప్పలేదు. ఆ రోజే డాక్టరు గారి వద్దకు వెళ్లాను. ఆయన పాదాన్ని నిదానంగా పరీక్షించి, "మౌలానా సాబ్, ఆనెకాయ మీ రోగం కాదు. వేలు వంగడం రోగం. నొప్పి లేకపోవడం అంతకన్నా పెద్ద రోగం. ఇంకో పది రోజులు ఆలస్యమైతే వేలు పోయేది" అన్నారు.

అల్లాహ్ దయవల్ల నా వేలు దక్కింది. ఇన్నేళ్లు ఎందుకు చూపించుకోలేదని ఆలోచిస్తే నా దగ్గర ఒకే సమాధానం ఉండేది: "ఇదేం పెద్ద జబ్బు? ఓర్చుకుంటే సరిపోతుంది." మన కుటుంబాల్లో, ముఖ్యంగా పెద్దవారిలో, స్త్రీలలో ఈ మాట తరచుగా వింటుంటాం. అందుకే ఈ విషయమై నేను తెలుసుకున్నది పాఠక సోదర సోదరీమణుల ముందుంచుతున్నాను.

సుత్తి వేలు అంటే ఏమిటి?

మన పాదంలో బొటనవేలికి రెండు ఎముకలు, మిగిలిన వేళ్లకు సాధారణంగా మూడేసి ఎముకలు ఉంటాయి. ఈ ఎముకలు కలిసే చోట కీళ్లుంటాయి. వేలి మధ్య కీలు పైకి పొడుచుకువచ్చి, వేలి కొన కిందికి వంగిపోతే దానిని వైద్యులు 'హ్యామర్ టో' అంటారు. పక్క నుండి చూస్తే సుత్తి తలలా కనిపిస్తుంది కనుక ఆ పేరు వచ్చింది. మనం సుత్తి వేలు అనుకోవచ్చు. బొటనవేలి పక్కనున్న రెండవ వేలికి ఇది ఎక్కువగా వస్తుంది. మూడు, నాలుగు వేళ్లకూ రావచ్చు.

దీనికి దగ్గరి చుట్టాలు మరో రెండున్నాయి. గోటి దగ్గరి కీలు ఒక్కటే కిందికి వంగడం ఒకటి. మధ్య కీలు, గోటి కీలు రెండూ వంగి, వేలి మొదలు పైకి లేచి, వేళ్లన్నీ పక్షి గోళ్లలా నేలను పట్టుకున్నట్లు కనిపించడం రెండవది. ఈ రెండవ రకంలో చాలాసార్లు నరాల జబ్బు దాగి ఉంటుంది. కనుక వేళ్లన్నీ ఒక్కసారిగా ముడుచుకుపోతుంటే దానిని కేవలం చెప్పుల వల్ల వచ్చిన ఇబ్బందిగా భావించి ఊరుకోకూడదు.

వేలు వంగిన తర్వాత మూడు చోట్ల ఒత్తిడి పడుతుంది. పొడుచుకువచ్చిన కీలు పైభాగం చెప్పుకు రాసుకుంటుంది. కిందికి వంగిన వేలికొన నేలకు గుచ్చుకుంటుంది. వేలి మొదలు పైకి లేవడంతో దాని కింద అరికాలిలో ఉన్న ఎముక తల నేలను బలంగా నొక్కుతుంది. చర్మం తనను తాను కాపాడుకోవడానికి ఈ మూడు చోట్లా గట్టిపడుతుంది. అదే ఆనెకాయ. దానిని ఎన్నిసార్లు తీసివేసినా మళ్లీ రావడానికి కారణం ఇదే. ఒత్తిడి అలాగే ఉండగా దాని గుర్తును మాత్రం చెరిపివేస్తే ఫలితమేముంటుంది?

ఎందుకు వంగుతుంది?

వేళ్లను కదిలించే కండరాలు రెండు రకాలు. మోకాలి దిగువన, పిక్క భాగంలో ఉన్న పెద్ద కండరాలు పొడవైన స్నాయువుల ద్వారా, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ల ద్వారా, వేళ్లను పైకీ కిందికీ లాగుతాయి. పాదంలోనే ఉన్న చిన్న కండరాలు వేళ్లను నిటారుగా నిలిపి ఉంచుతాయి. గుడారపు కర్రను నాలుగు వైపులా తాళ్లు సమానంగా లాగినంత కాలం అది నిలబడుతుంది. ఒక వైపు తాడు వదులైతే కర్ర ఒరుగుతుంది. పాదంలోని చిన్న కండరాలు బలహీనపడినప్పుడు పెద్ద కండరాల లాగుడు పైచేయి అయి వేలు మడత పడుతుంది.

ఈ అసమతౌల్యానికి కారణాలు అనేకం. అన్నింటిలో సాధారణమైనది ఇరుకు పాదరక్ష. ముందు భాగం సన్నగా ఉన్న బూటులో వేళ్లకు చోటు చాలక అవి ముడుచుకొని కూర్చుంటాయి. ఎత్తు మడమల చెప్పులు వేసుకుంటే శరీర భారమంతా ముందుకు జారి వేళ్లపై పడుతుంది. ఈ జబ్బు స్త్రీలలో ఎక్కువగా కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం. పెళ్లిళ్లకు, పండుగలకు కొనే చెప్పుల్లో అందాన్ని చూస్తాం, వేళ్లకు చోటుందో లేదో చూడం. కొందరికి పుట్టుకతోనే రెండవ వేలు బొటనవేలి కన్నా పొడవుగా ఉంటుంది. బొటనవేలిని బట్టి చెప్పు కొలత తీసుకుంటే ఆ పొడవాటి వేలు మడుచుకోక తప్పదు. మరికొందరికి బొటనవేలు పక్కకు ఒరిగి, రెండవ వేలి కిందికి చొచ్చుకుపోయి దానిని పైకి నెడుతుంది. కీళ్లవాతం, వేలికి తగిలిన పాత దెబ్బ, వంశపారంపర్యంగా వచ్చిన పాదం ఆకృతి కూడా కారణాలే.

పిల్లల విషయంలోనూ అశ్రద్ధ తగదు. అన్న విడిచిన బూట్లు తమ్ముడికి, ఈద్‌కు కొన్నవి మరుసటి ఈద్ దాకా అనే లెక్క మన ఇళ్లలో మామూలే. పెరిగే పాదం ఏడాది ఆగదు. కొన్ని నెలలకొకసారి పిల్లవాని బూటు ముందు భాగాన్ని వేలితో నొక్కి చూడటం తండ్రికి కష్టమైన పని కాదు.

నొప్పి లేకపోవడమే అసలు ప్రమాదం

మధుమేహం చాలా కాలం అదుపు తప్పితే పాదాల నరాలు మొద్దుబారుతాయి. ఈ జబ్బు పాదాన్ని రెండు విధాలుగా దెబ్బతీస్తుంది. చిన్న కండరాలకు ఆజ్ఞలు తీసుకువెళ్లే నరాలు చెడటంతో వేళ్లు వంగుతాయి. స్పర్శను తెలిపే నరాలు చెడటంతో ఆ వంగిన వేలిపై పడే రాపిడి తెలియకుండా పోతుంది. గాయం చేసేదీ, గాయాన్ని దాచేదీ ఒకే జబ్బు అన్నమాట. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం ప్రకారం మన దేశంలో 10 కోట్లకు పైగా ప్రజలు మధుమేహంతో జీవిస్తున్నారు. అంటే ఈ విషయం ఏదో ఒక విధంగా దాదాపు ప్రతి కుటుంబానికీ సంబంధించినదే.

నొప్పి ఎంత గొప్ప వరమో కుష్ఠురోగుల చరిత్ర చెబుతుంది. తమిళనాడులోని వేలూరులో ఏళ్ల తరబడి సేవ చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠురోగుల వేళ్లు వాటంతటవే కుళ్లి రాలిపోతాయన్న నమ్మకం సరి కాదని గుర్తించారు. నొప్పి తెలియనందువల్ల కాలిన చోటే మళ్లీ కాలడం, తెగిన చోటే మళ్లీ తెగడం, పుండుతోనే నడవడం వారి అంగవైకల్యానికి ప్రధాన కారణమని చూపారు. కుష్ఠురోగుల పాదాల కోసం ప్రచారంలోకి వచ్చిన ఎం.సి.ఆర్. రబ్బరు మెత్తటి చెప్పులనే నేడు మన వైద్యులు మధుమేహ రోగులకూ సూచిస్తున్నారు.

పాదాల స్పర్శ తగ్గిందో లేదో ఇంట్లోనే తెలుసుకునే సులువైన పరీక్ష ఒకటుంది. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ వైద్యులు దీనిని రూపొందించారు. పరికరమేదీ అక్కర లేదు. పరీక్షించవలసిన వ్యక్తిని మేజోళ్లు తీసి, కళ్లు మూసుకొని పడుకోమనండి. స్పర్శ తెలిసినప్పుడల్లా కుడి కాలో ఎడమ కాలో చెప్పమనండి. తర్వాత మీ చూపుడువేలి కొనతో కుడి బొటనవేలి కొన, కుడి చిటికెన వేలి కొన, ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెన వేలు, కుడి మధ్య వేలు, ఎడమ మధ్య వేలు ఇలా ఆరు చోట్ల తాకండి. ఈక తాకినంత తేలికగా, ఒకటి రెండు సెకన్లు మాత్రమే తాకాలి. నొక్కకూడదు, గీకకూడదు, తెలియలేదని రెండోసారి ప్రయత్నించకూడదు. ఆరింటిలో రెండు గానీ అంతకు మించి గానీ తెలియకపోతే స్పర్శ తగ్గిందని భావించి వైద్యుని సంప్రదించాలి.

నా భార్య నాకు ఈ పరీక్ష చేసినప్పుడు ఆరింటిలో మూడు నాకు తెలియలేదు. ఆమె తాకడం ఎప్పుడు మొదలుపెడుతుందా అని నేను ఎదురుచూస్తున్నాను. ఆమె అప్పటికే మూడు వేళ్లు తాకి ఊరుకుంది.

ఇంట్లో చేయదగినవి, చేయకూడనివి

మొదట తెలుసుకోవలసింది వేలు మెత్తగా ఉందా, గట్టిపడిందా అన్నది. వంగిన వేలిని చేత్తో నెమ్మదిగా చాపి చూడండి. చాచితే సాగుతున్నదంటే ఇంకా మెత్తగా ఉన్నట్లే. ఈ దశలో పాదరక్షలు, వ్యాయామం చాలా మేలు చేస్తాయి. చాచినా సాగకుండా కీలు బిగుసుకుపోయిందంటే వ్యాయామంతో అది నిటారు కాదు. అయినప్పటికీ ఒత్తిడిని తగ్గించి నొప్పినీ, పుండునూ నివారించవచ్చు. ఏళ్లు గడిచేకొద్దీ మెత్తటి వేలు గట్టి వేలుగా మారుతుంది. కనుక ఆలస్యం చేసిన ప్రతి సంవత్సరం చికిత్సలో ఒక తలుపు మూసినట్లే.

పాదరక్షలు సాయంత్రం పూట కొనండి. నడిచి నడిచి పాదం ఆ వేళకు కొంత ఉబ్బి ఉంటుంది. కాగితం మీద నిలబడి పాదం చుట్టూ గీత గీయించుకొని, ఆ బొమ్మపై చెప్పును ఉంచి చూడండి. బొమ్మ చెప్పును దాటి బయటికి కనిపిస్తే ఆ చెప్పు మీది కాదు. అన్నింటికన్నా పొడవైన వేలికి ముందు సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. ముందు భాగం వెడల్పుగా మాత్రమే కాక, వంగిన కీలు తగలనంత ఎత్తుగానూ ఉండాలి. మడమ ఎత్తు తక్కువగా ఉండాలి. చలికాలంలో ఖుఫ్ఫైన్, అంటే తోలు మేజోళ్లు తొడిగే పెద్దలు వాటి కొలతనూ ఇలాగే చూసుకోవాలి. స్పర్శ తగ్గినవారికి వేళ్ల సందులో దూరే పట్టీ చెప్పుల కన్నా, మీగాలి మీద వెడల్పు పట్టీలు, వెనుక మడమ పట్టీ ఉన్న చెప్పులు క్షేమం. తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి రాయి, మేకు, ముడత ఏమైనా ఉందేమో తడిమి చూడటం అలవాటు చేసుకోవాలి.

వేలిపై తొడిగే మెత్తటి సిలికాన్ తొడుగులు, అరికాలిలో ఎముక తలల వెనుక భాగంలో ఉంచే మెత్తలు రాపిడిని తగ్గిస్తాయి. మెత్త అమరిన తర్వాత కూడా చెప్పులో చోటు మిగలాలి. లేకపోతే అది కొత్త ఒత్తిడి అవుతుంది.

వ్యాయామానికి పెద్ద ఏర్పాట్లు వద్దు. కుర్చీలో కూర్చుని, నేల మీద పరచిన తువ్వాలును కాలివేళ్లతో దగ్గరకు లాక్కోవాలి. గోళీలను కాలివేళ్లతో ఎత్తి గిన్నెలో వేయాలి. వంగిన వేలిని చేత్తో మెల్లగా చాచి కొన్ని సెకన్లు పట్టి ఉంచి వదలాలి. గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ లేవకుండా పిక్కను సాగదీయాలి. పాదానికి పుండు ఉన్నప్పుడు మాత్రం ఇవేవీ చేయరాదు.

ఇక చేయకూడనివి. ఆనెకాయను బ్లేడుతో కోయరాదు. మన పల్లెల్లో జిల్లేడు పాలు, జీడిగింజ నూనె పూసేవారున్నారు. అవి చర్మాన్ని కాల్చి పుండు చేస్తాయి. మందుల దుకాణంలో దొరికే ఆనెకాయల పట్టీలో ఉండేది సాధారణంగా సాలిసిలిక్ ఆమ్లం. అది గట్టి చర్మాన్నీ, మంచి చర్మాన్నీ వేరు చేసి చూడదు. స్పర్శ ఉన్నవారికి మంట పుడితే పట్టీ పీకేస్తారు. నావంటి వారికి మంట తెలియదు. మధుమేహం ఉన్నవారు, కాళ్లకు రక్తప్రసారం తగ్గినవారు దానిని వాడకూడదు. వేడినీటిలో పాదాలు ఉంచి కాపడం పెట్టడం కూడా వారికి ప్రమాదమే. స్పర్శ లేని పాదం నీటి వేడిని చెప్పలేదు.

శస్త్రచికిత్స అంటే భయమెందుకు?

చెప్పులు మార్చినా, మెత్తలు పెట్టినా నొప్పి తగ్గకపోతే, లేదా పుండు పదే పదే వస్తుంటే శస్త్రచికిత్స అవసరమవుతుంది. "వేలు తీసేస్తారేమో" అన్న భయంతో చాలామంది ఆసుపత్రి గడప తొక్కరు. నిజానికి వేలు తీసివేయవలసిన పరిస్థితి రాకుండా చేసేదే ఈ చికిత్స.

వేలు ఇంకా మెత్తగా ఉంటే పని చిన్నది. వేలికి మాత్రమే మత్తు ఇచ్చి, వేలి అడుగున సూదిమొన వంటి సన్నని గాటు ద్వారా, వేలిని కిందికి లాగుతున్న స్నాయువును తెంచుతారు. లాగుడు తగ్గగానే వేలు చాచుకుంటుంది. మధుమేహ రోగులలో మెత్తగా ఉన్న వంగిన వేలికి పుండు పడే సూచనలు కనిపిస్తే ఈ పద్ధతిని పరిశీలించాలని మధుమేహ పాదాలకు సంబంధించిన అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. నాకు చేసిందీ ఇదే. పుండు మానడానికి కొన్ని వారాలు పట్టింది. ఆ తర్వాత జరిగిన ఈ చిన్న శస్త్రచికిత్సకు మాత్రం ఒక పూట చాలింది.

కీలు బిగుసుకుపోయి ఉంటే పని పెద్దది. కీలు దగ్గర కొంత ఎముక తీసి వేలిని నిటారు చేస్తారు, లేదా రెండు ఎముకలనూ కలిపి అతికేలా చేస్తారు. అతుక్కునేంత వరకు వేలి కొన నుండి సన్నని ఉక్కు తీగను లోపలికి పోనిచ్చి సాధారణంగా 4 నుండి 6 వారాలు ఉంచుతారు. తీగ కొన బయటికి కనిపిస్తుంది. అది తడవకూడదు, కదలకూడదు. గట్టి అడుగు గల ప్రత్యేక చెప్పుతో నడవాలి. తీగ తీసిన తర్వాత కూడా వాపు కొన్ని నెలలు ఉండవచ్చు. ఏ శస్త్రచికిత్సలోనైనా ఉన్నట్లే ఇందులోనూ చీము పట్టడం, వేలు తిరిగి వంగడం, బిగుసుకుపోవడం వంటి ఇబ్బందులు కొందరికి రావచ్చు. కనుక ముందుగా కాళ్ల రక్తప్రసారాన్ని పరీక్షించుకోవాలి, చక్కెరను అదుపులోకి తెచ్చుకోవాలి, పొగ తాగే అలవాటుంటే మానివేయాలి.

మన సోదరీమణులలో కొందరు పరపురుషునికి పాదం చూపడానికి బిడియపడి జబ్బును దాచుకుంటారు. హయా విశ్వాసంలో భాగమే, సందేహం లేదు. మహిళా వైద్యురాలు లభిస్తే ఆమె వద్దకే వెళ్లాలి. లభించనప్పుడు చికిత్సకు అవసరమైనంత మేరకు వైద్యునికి చూపడానికి షరీఅత్ అనుమతిస్తుంది. భర్త గానీ కుమారుడు గానీ వెంట వెళ్తే ఆమె బిడియం సగం తీరుతుంది.

వుజూ, నమాజులలో ఎలా?

వుజూలో కాలివేళ్ల సందుల్లోకి నీరు చేరేలా వేలు పోనివ్వడాన్ని ఖిలాల్ అంటారు. దైవప్రవక్త (సఅసం) వుజూ చేస్తూ తమ చిటికెన వేలితో కాలివేళ్ల సందులను రుద్దడం చూశానని హజ్రత్ ముస్తౌరిద్ బిన్ షద్దాద్ (రజి) తెలిపారు. ఎడమచేతి చిటికెన వేలితో, కుడికాలి చిటికెన వేలి దగ్గర మొదలుపెట్టి ఎడమకాలి చిటికెన వేలి దగ్గర ముగించాలని మన ఫిఖ్హ్ గ్రంథాలలో పిల్లలకు నేర్పుతాం. ఇది సాధారణంగా సున్నత్. అయితే వేళ్లు ఒకదానిపై ఒకటి ఎక్కి, ఖిలాల్ చేయనిదే నీరు చేరని స్థితి ఉంటే అప్పుడు నీరు చేర్చడం తప్పనిసరి అవుతుంది. వంగిన వేళ్లున్నవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. వుజూ తర్వాత ఆ సందులను మెత్తటి గుడ్డతో తుడుచుకోవాలి. తడి నిలిస్తే చర్మం పాసిపోయి పగులుతుంది.

నేను ముప్పై ఏళ్లుగా పిల్లలకు ఖిలాల్ నేర్పుతున్నాను. రోజుకు ఐదుసార్లు నా పాదాన్ని కడుగుతూనే ఉన్నాను. ఒక్కసారీ సరిగ్గా చూడలేదు. వేళ్ల మధ్యకు చెయ్యి వెళ్లే ప్రతిసారీ చూపు కూడా వెళ్లి ఉంటే, ఎర్రబడిన చర్మం ఆ బాలుని కన్నా ముందు నాకే కనిపించి ఉండేది.

సజ్దాలో రెండు పాదాల వేళ్లు నేలకు ఆనాలని, కూర్చున్నప్పుడు కుడి పాదాన్ని నిలబెట్టి వేళ్లను ఖిబ్లా వైపు మడవాలని మనకు తెలుసు. వేలు బిగుసుకుపోయినవారికి ఇది బాధాకరం. కొందరు బాధను భరిస్తూ పుండును పెంచుకుంటారు. మరికొందరు మనసులో అపరాధ భావంతో కుమిలిపోతారు. ఇలాంటివారికి సహీహ్ బుఖారీలోని ఒక ఉల్లేఖనం ఎంతో ఊరటనిస్తుంది. హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) నమాజులో బాసింపట్టు వేసుకొని కూర్చోవడం చూసి, అప్పటికి చిన్న వయసులో ఉన్న ఆయన కుమారుడు కూడా అలాగే కూర్చున్నారు. తండ్రి వారించి, కుడి పాదాన్ని నిలబెట్టి ఎడమ పాదాన్ని మడవడం సున్నత్ అని బోధించారు. మరి మీరు ఇలా కూర్చుంటున్నారేమని కుమారుడు అడిగితే, తన పాదాలు తనను మోయలేకపోతున్నాయని ఆయన బదులిచ్చారు.

చూడండి! సున్నత్‌ను అనుసరించడంలో అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) గారికి ఉన్న పట్టుదల సహాబీలలోనే పేరెన్నికగన్నది. అటువంటి మహనీయులు తమ పాదాల బలహీనతను దాచలేదు, దానికి సిగ్గుపడలేదు. ఆరోగ్యవంతుడైన కుమారునికి సున్నత్ నేర్పారు, తాము రాయితీని వినియోగించుకున్నారు.

అయితే రాయితీకి ఒక హద్దు ఉంది. వేలు వంగినంత మాత్రాన కుర్చీ ఎక్కనవసరం లేదు. నేలపై సజ్దా చేయగలిగినవారు సజ్దా చేయాల్సిందే. పాదం సహకరించని మేరకు మాత్రమే పాదం పెట్టే తీరు మారుతుంది. వేళ్లు ఏ మేరకు ఆనితే ఆ మేరకు ఆనించి, కూర్చున్నప్పుడు ఏ విధంగా సులువైతే ఆ విధంగా కూర్చోవచ్చు. మెత్తటి జానమాజు వాడుకోవచ్చు.

శస్త్రచికిత్స జరిగినవారు, పుండుకు కట్టు ఉన్నవారు కట్టు విప్పి కడగనవసరం లేదు. నీరు హాని చేస్తుందని వైద్యుడు చెప్పినప్పుడు మిగిలిన అవయవాలను కడిగి, కట్టుపై తడి చేత్తో మసహ్ చేస్తే చాలు. తోలు మేజోళ్లపై మసహ్‌కు స్థానికునికి ఒక పగలు ఒక రాత్రి, ప్రయాణికునికి మూడు పగళ్లు మూడు రాత్రుల గడువు ఉన్నట్లుగా కట్టుకు గడువు లేదు. గాయం మానేవరకు ఆ సౌలభ్యం ఉంటుంది. కట్టు కట్టే సమయానికి వుజూతో ఉండాలన్న షరతూ హనఫీ ధర్మవేత్తల దృష్టిలో లేదు. "ఆరు వారాలు వుజూ ఎలా" అన్న దిగులుతో చికిత్సను వాయిదా వేసేవారికి ఈ విషయం తెలియజేయండి.

హజ్, ఉమ్రాలకు వెళ్లేవారు

సఫా మర్వాల మధ్య సయీ ఒక్కటే సుమారు 3 కిలోమీటర్ల నడక. తవాఫ్, మినా ప్రయాణాలు దీనికి అదనం. ఇహ్రామ్‌లో పురుషులు మీగాలి మీది ఉబ్బెత్తు ఎముకనూ చీలమండలనూ కప్పని చెప్పులే తొడగాలి. స్త్రీలకు మేజోళ్లు, బూట్లు తొడిగే అనుమతి ఉంది. ప్రయాణం ముందు రోజు కొత్త చెప్పులు కొనకండి. కొన్ని వారాల ముందే కొని, వాటితో రోజూ నడిచి, ఎక్కడైనా చర్మం ఎర్రబడుతోందేమో చూసుకోండి. స్పర్శ తగ్గినవారు వట్టి కాళ్లతో తిరగరాదు. శుభ్రమైన చెప్పులతో చేసిన తవాఫ్ చెల్లుతుంది. లోపల వాడటానికి వేరే మెత్తటి జత ఉంచుకోండి. బయట విడిచిన చెప్పులు పోతే ఎండకు కాలిన నేలపై నడవవలసి వస్తుంది. కనుక సంచిలో వెంట ఉంచుకోండి. ప్రతి రాత్రి గదికి చేరగానే పాదాలను పరీక్షించండి. అరికాలు కనిపించకపోతే అద్దం వాడండి, లేదా తోటివారిని అడగండి.

ఓర్పు అంటే ఇదేనా?

విశ్వాసికి ముల్లు గుచ్చుకున్నా దానికి బదులుగా అల్లాహ్ అతని పాపాలను తొలగిస్తాడని దైవప్రవక్త (సఅసం) శుభవార్త ఇచ్చారు. అది ముల్లును తీయవద్దన్న ఆజ్ఞ కాదు. ఆయనే చికిత్స చేయించుకోమని ఆదేశించారు, అల్లాహ్ ఔషధం లేకుండా ఏ వ్యాధినీ దింపలేదని తెలిపారు, శరీరానికి మనపై హక్కు ఉందని బోధించారు. చికిత్స చేయించుకుంటూ, అది ఫలించేదాకా ఆందోళన చెందకుండా ఉండటం ఓర్పు. చికిత్స అందుబాటులో ఉన్నా వెళ్లకుండా కూర్చోవడం ఉపేక్ష. పదేళ్లు నేను చేసింది ఉపేక్ష. దానికి ఓర్పు అని పేరు పెట్టుకున్నాను.

చివరిగా ఒక విన్నపం. తల్లి పాదాల చెంత స్వర్గం ఉందన్న బోధనను ఖుత్బాలలో ఎన్నోసార్లు విన్నాం, నావంటివారం ఎన్నోసార్లు చెప్పాం. ఆ పాదాలను మనలో ఎందరం దగ్గరగా చూశాం? ఈ పత్రిక పక్కన పెట్టి, ఈ రాత్రే మీ అమ్మీ దగ్గర, అబ్బా దగ్గర కూర్చోండి. దీపం దగ్గరకు తెచ్చి వారి వేళ్లను ఒక్కొక్కటిగా చూడండి. కళ్లు మూసుకోమని, ఆరు చోట్ల మెల్లగా తాకండి. "ఏం కాలేదులే బేటా" అని వారు కాళ్లు లాక్కుంటారు. అయినా చూడండి.

అల్లాహ్ మన తల్లిదండ్రులకు, మనకు, మన సంతానానికి ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక! తన సన్నిధిలో నిలబడటానికి మన పాదాలకు బలాన్ని ఇచ్చుగాక! ఆమీన్.